బిస్కట్ బరువు

టాలో బెండ్, మిసిసిపీ
సెప్టెంబర్ 8, 2014

ఆర్డిత్‌కు,

శనివారం నువ్వు విమానంలో ఎక్కించుకెళ్ళిన కుక్కలన్నీ విస్కాన్సిన్‌లో ఇళ్ళకు చేరాయని మనవాళ్ళు కబురు పెట్టారు. మూడు కాళ్ళ దాన్ని ఎవరో పాడి రైతు తీసుకున్నాడట కదా. దాన్ని ఇక్కడ రోడ్డు పక్కన దింపి పోయినవాడు చూస్తే సిగ్గుపడాలి. అయితే సిగ్గు అనేది అందరికీ ఉండే వస్తువు కాదు.

ఫోన్ చేద్దామనుకుని మానేశాను. నీతో ఫోన్‌లో మాట్లాడితే నా కబురు నీకు తప్ప మా వీధి మొత్తానికీ తెలుస్తుంది. ఇంజన్ పక్కన కూర్చుని కూర్చుని అన్నాచెల్లెళ్ళిద్దరూ చెవులు పోగొట్టుకున్నారు. హెడ్‌సెట్ పెట్టుకుంటే టవర్ వాళ్ళ మాట నీకు చక్కగా వినబడుతుందట, వదిన మాట మాత్రం వినబడదట. కాబట్టి నీకు ఉత్తరమే గతి.

అసలు సంగతికి వస్తాను. మా కౌంటీ బోర్డు కుక్కల ఆశ్రయాన్ని మూసేస్తోంది. నవంబర్ ఆఖరుతో తలుపులకు తాళం. ఆ రోజుకు లోపల ఏది మిగిలితే దానికి ప్రాణం తీసే సూది. ఓట్లు అయ్యాక నేను లేచి, "ఆ రోజుకి లోపల ఒక్కటి కూడా మిగలదు" అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు, నోరు ఊరుకోలేదు. బోర్డు పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎర్లీన్, కుక్కలకి రెక్కలు కట్టే కథలు మళ్ళీ మొదలుపెట్టకు" అన్నాడు. హాలంతా నవ్వారు. మీ అన్నయ్య ఉన్నప్పుడు ఈ మాట అనే దమ్ము అతనికి లేదు. లోవెల్ పోయి నాలుగేళ్ళయింది, అందరికీ నోళ్ళు వచ్చాయి.

అందరి ముందూ అనేశాను కాబట్టి చేసి తీరాలి. కుక్కల్ని విమానాల్లో కొత్త ఇళ్ళకు చేర్చే మన తోకల విమానం సంఘంలో ఇప్పుడున్నది జీతం లేని పైలట్లు కొందరు, జీతం లేని క్లియోటా, జీతం లేని నేను. మిగతా పైలట్లు వీలున్న శనివారం వస్తామన్నారు. నువ్వు మాత్రం శనివారం విడిచి శనివారం రావాలి. మీ అన్నయ్య విమానం నీ దగ్గర ఉన్నది గ్యారేజీలో ముద్దు చేసుకోవడానికి కాదు కదా.

నన్ను ఎక్కమని మాత్రం మళ్ళీ అనకు. విమానాల సంఘం నడుపుతూ విమానం ఎక్కని మనిషి దేశం మొత్తం మీద నేనొక్కదాన్నేనని క్లియోటా ప్రచారం చేస్తోంది. కారణం నీకు తెలుసు. మీ అన్నయ్య పత్తి చేలకు మందు చల్లడానికి మా ఊరొచ్చిన ఏడాది నన్ను షికారుకు పిలిచాడు. కొత్త గౌను వేసుకుని వెళ్ళాను. మెట్టు మీద కాలు పెట్టానో లేదో, "నీ బరువెంత?" అన్నాడు. ఇరవై రెండేళ్ళ పిల్లను అడగాల్సిన మొదటి మాట అదేనా? కాలు దించేశాను. ఆయన్ని పెళ్ళి చేసుకున్నాను గాని విమానం ఎక్కలేదు, బరువూ చెప్పలేదు.

వస్తున్నానని రెండు ముక్కలు రాయి.

నీ వదిన,
ఎర్లీన్

*

హడ్సన్, విస్కాన్సిన్
సెప్టెంబర్ 17

వదినా,

వస్తున్నాను. ఇవి నువ్వు అడిగిన రెండు ముక్కలు. ఇక నేను చెప్పేవి వినాలి.

అన్నయ్య అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. మా ఇంట్లో బరువెంత అని అడగడం ఒంట్లో బాగుందా అని అడిగినట్టే. మా నాన్న పాస్టరుగారిని కూడా అడిగాకే ఎక్కించుకున్నాడు. నాలుగు సీట్ల విమానానికి మర్యాద తెలియదు, తూకం తెలుసు. నేను బయల్దేరే ముందు కూర్చుని నా బరువు నూట నలభై రెండు, పెట్రోలు ఇంత, కుక్కలు ఇంత అని కూడి, ఎంత దూరం పరిగెడితే నేల వదులుతుందో చూసుకుంటాను. కూడికలో ఒక్క అంకె అబద్ధమైతే ఆ అబద్ధం విమానాలు దిగే మీ స్ట్రిప్ చివర కాలువ గట్టు దగ్గర బయటపడుతుంది.

మొన్న అక్కడే బయటపడింది. చక్రాలు లేవాల్సిన చోట లేవలేదు. గట్టు దగ్గర పడుతోంది, విమానం మాత్రం మీ ఊరి మీద ప్రేమ పుట్టినట్టు నేలను పట్టుకుని వేలాడింది. చివరికి లేచింది. పత్తి తీసే యంత్రం మీద కూర్చున్న మనిషి టోపీ తీసి ఛాతీ మీద పెట్టుకున్నాడు. బతికున్నవాళ్ళకు ఎవరూ అలా చెయ్యరు.

ఇంటికొచ్చాక అనుమానమొచ్చి మా పశువుల డాక్టరు దగ్గర తూకం వేయించాను. మీరు నలభై అన్నది యాభై రెండు పౌన్లు. ముప్పై అయిదు అన్నది నలభై నాలుగు. ఆ మూడు కాళ్ళ దానికి కూడా ఎనిమిది పౌన్లు కోత పెట్టారు, పాపం ఇప్పటికే ఒక కాలు కోత పడిన జీవి. ఏం వదినా, మీ కుక్కలు మిసోరీ దాటేసరికి బరువెక్కుతున్నాయా? మేఘాల్లో భోజనాలు పెడుతున్నారా?

నవ్వులాటకు రాస్తున్నానని అనుకోకు. నేను వచ్చేది నిజం తూకాలకే. ఇంకోసారి ఇలా జరిగితే మీ స్ట్రిప్‌లో దిగను.

జున్ను ముక్కలు పంపుతున్నాను. తాజాగా ఉంటే పళ్ళ కింద కీచుమనాలి, మీ ఊరు చేరేసరికి మూగబోతాయేమో.

ఆర్డిత్

*

టాలో బెండ్
సెప్టెంబర్ 24

ఆర్డిత్,

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద కూర మాడబెట్టాను. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అనలేదు. మీ అన్నయ్య నలభై ఏళ్ళలో నన్ను ఒక్కసారి కూడా అబద్ధాలకోరు అనలేదు, నువ్వు ఒక్క ఉత్తరంలో రెండుసార్లు అన్నావు. మీ డాక్టరు తూకమే తప్పేమో. మీ ఊళ్ళో జున్ను తూచే అలవాటులో కుక్కకు కూడా ఓ గుప్పెడు కలిపి చెప్పాడేమో. ఇంకా చాలా రాశాను గాని ఆ కాగితం చించేశాను.

సెప్టెంబర్ 25

నిన్న ఉత్తరం ముగించలేకపోయాను. రాత్రంతా నిద్ర పట్టక, పొద్దున్నే ఆశ్రయానికి వెళ్ళి అందరినీ నిలబెట్టి అడిగాను. తిలాపాపం తలాపిడికెడు. కుక్కల్ని పట్టుకొచ్చే మనిషి యాభై ఉంటుందనుకున్నదాన్ని నలభై అయిదు అంటాడు. గదులు కడిగేవాడు దాన్ని నలభై రెండని పలక మీద రాస్తాడు. మన క్లియోటా దాన్ని నలభైగా మార్చి, ఫోటో కింద 'చిన్నపాటి, ఒద్దికైన కుక్క' అని పెడుతుంది. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు మార్కులు కలిపిన చెయ్యి ఇప్పుడు కుక్కలకు పౌన్లు తీసేస్తోంది.

"ఎందుకే ఇలా చేశావు?" అన్నాను.

"యాభై అంటే ఎవరూ అడగరు అక్కా. నలభై అంటే ఎవరో ఒకరు పంపండంటారు. ఇల్లు చేరాక వెనక్కి పంపినవాళ్ళని ఒక్కళ్ళని చూపించు."

"విమానం ఎగరద్దా మరి?"

"అది నేను ఆలోచించలేదు" అంది. ప్రేమతో చేసిన పని కాబట్టి తిట్టలేకపోయాను, అయినా తిట్టాను.

తప్పు మాదే. నేను క్షమాపణ అడిగానని మీ డాక్టరుకు కూడా చెప్పు. ఇక ముందు ఊహలు లేవు. చెరువుల్లో క్యాట్‌ఫిష్ పెంచే డ్వేన్ పెటస్ తెలుసుగా, చేపలు పట్టాక లారీకి ఎత్తేముందు క్రేనుకు బుట్ట కట్టి తూస్తాడు. ఆ బుట్టలోనే కుక్కల్ని కూడా తూస్తానన్నాడు. "చేపల్లో పావుపౌను తేడా వస్తే కొనేవాడు నన్ను బతకనివ్వడు, కుక్కల్లో మాత్రం తేడా రానిస్తానా" అన్నాడు. ఈ పూట తొమ్మిదింటిని తూచాం. చేపల వాసనకు మైమరచి ఏ ఒక్కటీ బుట్ట దిగనంటుంది. ఒకదాన్ని దింపడానికి డ్వేనే బుట్టలోకి ఎక్కాల్సి వచ్చింది.

ఇకనుంచి నేను చెప్పే ప్రతి తూకమూ నిజం. నమ్ము.

తలవంచిన వదిన,
ఎర్లీన్

తా.క. జున్ను కీచుమనలేదు. మూలిగింది.

*

హడ్సన్
అక్టోబర్ 8

వదినా,

నీ ఉత్తరం చదివి నిజంగా సంతోషించాను. క్లియోటాను ఏమీ అనకు. ఒప్పుకున్న మనిషిని కొట్టకూడదు.

అందుకే ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. శనివారం కూడా అలాగే అయింది.

డ్వేన్ తూకాలు పెట్టుకునే లెక్క కట్టాను. విమానంతో వచ్చిన పుస్తకం ప్రకారం ఎంత మోయచ్చో అంతే ఎక్కించాను. పుస్తకం లేవాలన్న చోట విమానం మళ్ళీ లేవలేదు. మొన్నటంత ఘోరం కాదు గాని కాలువ గట్టు మీద గడ్డిపోచలు లెక్కపెట్టగలిగేంత కిందుగా దాటాను. ఈసారి తీసుకునేవాళ్ళు సరాసరి విమానాశ్రయానికే వచ్చి కుక్కల్ని పట్టుకుపోయారు, తూకానికి వీలు పడలేదు. నాకు తూకం అక్కర్లేదు కూడా. చేతిలో ఉన్న, విమానాన్ని నడిపే కర్ర చెబుతుంది. ఇన్నేళ్ళుగా ఆ విమానం నాతో అబద్ధం ఆడలేదు.

మీలో ఎవరో ఇంకా కోత పెడుతున్నారు. ఎవరని అడగను. ఇకనుంచి మీరు చెప్పే ప్రతి కుక్కకూ నేను పదిహేను పౌన్లు కలిపి లెక్క వేస్తాను. కోపంతో చేస్తున్న పని కాదిది. నా వెనక బోనుల్లో ఉన్నవాటికి ఈ సంగతులేవీ తెలియవు, వాటి తరఫున నేనే జాగ్రత్తపడాలి.

మా దగ్గర ఆకులు రాలిపోయాయి. ఇంజన్‌కు చలికాలం నూనె మార్చాను. మిగిలినవెన్నో రాయి.

ఆర్డిత్

*

టాలో బెండ్
అక్టోబర్ 20

ఆర్డిత్,

నీ పదిహేనులు చేసిన నిర్వాకం చెబుతాను విను. మొన్న నువ్వు ఇక్కడ దిగినప్పుడు నీ ముఖం చూస్తూ నోరు మెదపలేదు, ఎందుకంటే ఇంజన్ ఆగీ ఆగకముందే మళ్ళీ వెళ్ళిపోతానన్నావు, పైగా అరిచినా నీకు వినబడదు. రెండు కుక్కల్ని బోనులతో సహా నేల మీద వదిలేసి వెళ్ళావు. వాటికి అక్కడ ఇళ్ళు సిద్ధంగా ఉన్నాయి. మెడకు కొత్త పట్టీలు కట్టి, స్నానం చేయించి తీసుకొచ్చాం. విమానం చిన్నదై పోయేదాకా రెండూ ఆకాశం వైపే చూశాయి. నేను వాటి వైపు చూడలేకపోయాను.

డ్వేన్ కుక్కల్ని తూచే ముందూ, తూచాకా బుట్టలో మామూలు తూకపు రాళ్ళు పెట్టి చూపించాడు. బైబిల్ మీద చెయ్యి వేస్తానన్నాడు. క్లియోటా అయితే, "ఆవిడ పదిహేను కలిపితే మనం పదిహేను తీసేసి చెబుదాం, అప్పుడు సరిపోతుంది" అంది. వద్దన్నాను. నిజం చెప్పి మాటపడటమే మేలు. నిజం నిలకడ మీద తెలుస్తుంది అంటారు, ఇక్కడ మాత్రం నిలకడకు నవంబర్ ఆఖరు దాకానే సమయం.

ఇప్పుడు బిస్కట్ గురించి. చెడిపోయిన బండ్లను లాక్కెళ్ళే లారీ మనిషి పోయాడు, అతని మాస్టిఫ్ జాతి భారీ కుక్క అది. యజమాని పోయాక తొమ్మిది రోజులు ఆ లారీ కింద పడుకుని ఎవరినీ దగ్గరకు రానివ్వలేదట. నేను వెళ్ళి పక్కన కూర్చుని మొక్కజొన్న టమాలీలు తింటుంటే మెల్లగా వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. తలే ఒక సంసారం. బిస్కట్ అని పేరు పెట్టినవాడు ఎంత హాస్యగాడో గాని, డ్వేన్ బుట్టలో నూట ముప్పై ఒక్క పౌను తూగింది. క్రేను కూడా ఒకసారి నిట్టూర్చింది.

మీ ఊరికి దగ్గర్లో ఉన్న హాల్వర్ దంపతులు ఫోటో చూసి కావాలన్నారు. జున్ను చేసి చేసి విశ్రాంతి తీసుకున్నవాళ్ళట. మిగతా పైలట్లందరూ బిస్కట్‌ను ఎక్కించుకోలేమన్నారు, వాళ్ళ విమానాల తలుపులు దానికి చాలవు. రోడ్డు మీద తీసుకెళ్ళే వ్యాన్లు క్రిస్మస్ దాకా ఖాళీ లేవు. లోవెల్ విమానానికి పెద్ద తలుపుంది, వెనక సీట్లు తీసేయొచ్చు. ఇంకెవరూ లేరు ఆర్డిత్. నువ్వు తీసుకెళ్ళకపోతే ఆ సూది దానికే.

ఎర్లీన్

*

హడ్సన్
అక్టోబర్ 28

వదినా,

వదిలేసి వచ్చిన ఆ రెండింటినీ నేను మరిచిపోయానని అనుకోకు. అద్దంలోంచి నాకూ కనబడ్డాయి.

బిస్కట్ విషయం. మీరు నూట ముప్పై ఒకటి అంటే నా లెక్కలో నూట నలభై ఆరు. అంటే నాకన్నా ఎక్కువ. దాన్ని ఎక్కిస్తే మామూలుగా నేను మోసే నాలుగింటిని దింపాలి. నాలుగింటిని ఎక్కిస్తే దాన్ని వదలాలి. ఏ లెక్క వేసినా కాలువ గట్టే కనబడుతోంది. కుదరదు.

కోప్పడినా సరే ఒక మాట అంటాను. అన్నయ్య ఉండగా మీ ఊళ్ళో అబద్ధపు తూకం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఆర్డిత్

*

టాలో బెండ్
నవంబర్ 5

హడ్సన్ వాస్తవ్యులు శ్రీమతి ఆర్డిత్ బ్రాండ్‌వోల్డ్ గారికి,

తమరి ఉత్తరం అందింది. తమరి అన్నగారి పేరు ఎత్తారు కాబట్టి ఆయన పేరు మీదనే అడుగుతున్నాను.

ఇరవై రెండో తేదీ శనివారం తమరు స్వయంగా డ్వేన్ పెటస్ చేపల చెరువు దగ్గరికి దయచేయాలి. తమ ఇష్టం వచ్చిన తూకపు రాళ్ళు వెంట తెచ్చుకోవచ్చు. తమ కళ్ళ ముందే అన్నింటినీ తూస్తాం. అప్పటికి మిగిలేవి అయిదే, మిగతావాటిని ఇతర పైలట్లు మాట ప్రకారం పట్టుకెళ్తున్నారు. తూకం తప్పని తేలితే తోకల విమానానికి నేనే తాళం వేసి, బోర్డు పెద్దాయన దగ్గరికి వెళ్ళి మీ మాటే నెగ్గిందని చెబుతాను. తూకం నిజమని తేలితే తమరు అయిదింటినీ తీసుకెళ్ళాలి.

కాఫీ మా తరఫునే.

భవదీయురాలు,
ఎర్లీన్ బ్రాండ్‌వోల్డ్

*

హడ్సన్
నవంబర్ 25

నా బంగారు వదినా,

దిగిన మర్నాడు పొద్దున్న మా కెఫేలో ఈ కథ మొదలుపెట్టాను, ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. నేను ఎలా చెబుతున్నానో నువ్వు కూడా చూడు, ఎక్కడైనా కోత పెట్టి ఉంటే దిద్దు.

డిటెక్టివ్‌లా ముఖం పెట్టుకుని మీ చెరువు గట్టున దిగాను. నాతో తెచ్చిన ఇరవై పౌన్ల రాయిని ముందు బుట్టలో పడేశాను. ఇరవై చూపించింది. డ్వేన్ పళ్ళ మధ్య పుల్ల అటు నుంచి ఇటు మార్చుకున్నాడు. నాలుగు కుక్కలూ ఒక్కొక్కటే ఎక్కాయి. నాలుగూ మీరు చెప్పినంతే. తర్వాత బిస్కట్. మీరు ముగ్గురు తోస్తే గాని బుట్ట దాకా రాని మహానుభావుడు అక్కడికి వచ్చాక చేపల వాసనకు తనే ఎక్కి కూర్చున్నాడు. నూట ముప్పై ఒకటి. అప్పుడు నీ ముఖం వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"మరి విమానం ఎందుకు లేవట్లేదు?" అన్నాను. నిజంగానే తెలియక అడిగాను.

డ్వేన్ పుల్ల తీసేసి, నా చెవి దగ్గరికి వంగి, ఎంతో మర్యాదగా, "ఆర్డితమ్మ గారూ, ఏమీ అనుకోకపోతే బుట్టలో తమరు కూడా ఒకసారి..." అన్నాడు.

"నాదెందుకు? నాది నూట నలభై రెండు. లైసెన్సు తీసుకున్నప్పటి నుంచీ అంతే."

"లైసెన్సు ఎప్పుడు తీసుకున్నారు?" అని గట్టిగా అరిచింది క్లియోటా.

"పంతొమ్మిది వందల డెబ్బై రెండులో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అప్పుడే నా చెయ్యి నా నడుం మీదికి పోయింది. మా కెఫేలో ఈ చోటికి వచ్చేసరికి కప్పులు కింద పెట్టేస్తారు. బుట్ట ఎక్కాను. కాళ్ళు నేల వదిలాయి. ముల్లు నూట నలభై రెండు దగ్గర ఆగలేదు, నూట అరవై దగ్గర ఆగలేదు, తీరిగ్గా వెళ్ళి నూట ఎనభై ఏడు దగ్గర కూర్చుంది. బిస్కట్ తోక ఊపాడు, బుట్టలో తనకు తోడు దొరికిందని కాబోలు.

ఆ తర్వాత నువ్వు నవ్వావు. నిన్ను అలా నవ్వగా చూసి నాలుగేళ్ళయింది. గట్టు మీద చతికిలబడి నవ్వావు. నాకు వినబడింది కూడా, హెడ్‌సెట్ లేకుండానే.

నలభై రెండేళ్ళుగా ప్రతి ప్రయాణానికీ అదే అంకె రాస్తున్నాను. చెయ్యి అలవాటుగా రాసేస్తుంది. మా పైలట్లలో ఎవరిని అడిగినా ఇంతే, లైసెన్సు నాటి బరువే వాళ్ళ బరువు. మీరు కుక్కలకు కోత పెట్టారని మండిపడ్డాను, నాకు నేను పెట్టుకున్న కోతను బోనులో పెడితే ఒక కుక్క అవుతుంది.

నువ్వు చూడని భాగం ఇప్పుడు చెబుతాను. గట్టు మీద కూర్చుని మళ్ళీ లెక్క కట్టాను. అయిదు కుక్కలకూ నేను వేసిన పదిహేనులు తీసేస్తే డెబ్బై అయిదు. నాకు కలపాల్సింది నలభై అయిదు. ముప్పై పౌన్లు మిగులు. అన్నీ ఎక్కుతాయి. ఆ కాగితాన్ని మూడుసార్లు సరిచూసుకున్నాను, నమ్మలేక కాదు, సంతోషం పట్టలేక.

స్ట్రిప్‌కు వచ్చాక, మీరంతా రెక్క అవతల నిలబడి చేతులూపుతుంటే ఇంజన్ పెంచాను. బిస్కట్ వచ్చి తన సంసారమంత తలను నా భుజం మీద పెట్టాడు. పుస్తకం ఎక్కడ లేవాలందో ఆ గడ్డి గుబురు వైపే చూస్తున్నాను. సరిగ్గా అక్కడ, ఒక్క అడుగు అటూ ఇటూ కాకుండా, చక్రాలు నేల వదిలాయి. కాలువ గట్టు ఎంతో కిందుగా పోయింది. పత్తి యంత్రం మనిషి ఈసారి టోపీ గాల్లోకి విసిరాడు. నేను గట్టిగా అరిచాను వదినా, అరవై ఆరేళ్ళ మనిషిని. కుక్కలన్నీ నాతో కలిసి అరిచాయి. టవర్ కుర్రాడు అడిగితే, "అయిదుగురు ప్రయాణికులు, అందరూ ఆరోగ్యంగా ఉన్నారు" అని చెప్పాను.

హాల్వర్ ముసలాయన పికప్ వెనక పరుపు వేసుకుని వచ్చాడు. బిస్కట్ దిగి, చుట్టూ చూసి, ఆ బండి కిందికి వెళ్ళి పడుకున్నాడు. ఆయన మంచు మీదే మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకు వాలి, బండి కిందికి దూరి వాడి పక్కన పడుకున్నాడు. కాసేపటికి ఇద్దరూ బయటికొచ్చారు. థాంక్స్‌గివింగ్‌కు మా ఇంటికి అందరినీ రమ్మన్నాను.

అన్నయ్య పేరు ఎత్తి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అన్నయ్య ఉంటే నన్నే ముందు తూచేవాడు.

మంచు కరిగాక, ఏప్రిల్లో, వస్తాను. అప్పటికి వేరే కౌంటీల కుక్కలు ఉంటాయి, తోకల విమానం ఆగదు. ఈసారి నా పక్క సీటు తీయను. నాకు కావలసిందల్లా ఒక అంకె. నువ్వు చెప్పకపోతే నేనేమీ అనుకోను. మా అన్నయ్య కూడా ఎప్పుడూ అనుకోలేదు, నాకు తెలుసు.

నూట ఎనభై ఏడు పౌన్ల నీ ఆడబిడ్డ,
ఆర్డిత్

*

టాలో బెండ్
డిసెంబర్ 4

నా ఆర్డిత్‌కు,

నీ ఉత్తరం డ్వేన్‌కూ క్లియోటాకూ పైకి చదివి వినిపించాను. కోత ఎక్కడా లేదు. ఒక్కచోట కలిపావు, బిస్కట్‌ను తోసింది ఇద్దరమే. డ్వేన్ బుట్ట పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

ఆదివారం బోర్డు పెద్దాయన తాళాలగుత్తి పట్టుకుని ఆశ్రయానికి వచ్చాడు. నేను ముందే వెళ్ళి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అతను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ప్రతి గది తలుపూ తీసి చూశాడు. కడిగిన సిమెంటు, బోర్లించిన గిన్నెలు, అంతే. ఆ చోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. వెనక్కి వచ్చి, "ఒక్కటి కూడా లేదే ఎర్లీన్" అన్నాడు.

"రెక్కలు కట్టాం" అన్నాను.

అతను నవ్వలేదు. గుమ్మంలో నిలబడి, పక్క కౌంటీలో వాళ్ళ చెల్లెలు నడిపే ఆశ్రయం కిక్కిరిసి ఉందట, ఆవిడకు నా నంబరు ఇవ్వవచ్చా అని అడిగాడు. ఇవ్వమన్నాను. ఫోన్ అప్పుడే మోగుతోంది. ఈసారి తూకం ముందు, ఫోటో తర్వాత అని క్లియోటా తనే గోడ మీద రాసిపెట్టింది.

అక్కడి నుంచి ఇంటికి రాలేదు. క్లియోటాను వెంటబెట్టుకుని తిన్నగా చెరువు దగ్గరికి వెళ్ళాను. డ్వేన్ చేపలు ఎత్తుతున్నాడు. నా ముఖం చూసి ఏమీ అడగకుండా బుట్ట ఖాళీ చేసి, గోనెపట్టా పరిచి కిందికి దించాడు. "బూట్లు తీస్తారా ఎర్లీనమ్మ గారూ?" అన్నాడు. తీయనన్నాను, విమానం ఎక్కేటప్పుడు వేసుకునే ఎక్కుతాను కదా. కోటూ తీయలేదు, చేతిసంచీ కూడా వదలలేదు. క్రేను లేచింది. కాళ్ళు నేల వదిలాయి. కళ్ళు మూసుకున్నాను, తర్వాత తెరిచాను. మూడు అడుగుల ఎత్తు నుంచే చెరువులన్నీ కనబడుతున్నాయి ఆర్డిత్, అవతల లోవెల్ స్ట్రిప్ కూడా. అంత దూరం నేనెప్పుడూ చూడలేదు.

నలభై ఆరేళ్ళ కిందట ఆయన మెట్టు దగ్గర చెయ్యి చాచి అడిగిన దానికి జవాబు ఇది. ఆయనకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను. క్లియోటా సాక్షి.

నూట డెబ్బై ఆరు పౌన్లు. పదిహేను కలపకు.

ఏప్రిల్లో వస్తున్న నీ వదిన,
ఎర్లీన్